కదలగలిగితే కట్టాల్సిందే

వర్చువల్ మిషన్ అంటే లేని కంప్యూటర్, నిజమైన సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ సృష్టించేది. బ్యాకప్ అంటే ఆ లేని కంప్యూటర్‌కి తీసిపెట్టుకునే నకలు. లైసెన్స్ అంటే ఆ రెండింటికీ నిజమైన డబ్బు కట్టడం. ఇంత తేలికైన విషయానికి మన సిస్టమ్ అడ్మిన్లు రెన్యూవల్ సీజన్ వచ్చిందంటే చాలు, ముఖాలు వేలాడేసుకుని ఎందుకు తిరుగుతారో నాకు అంతుపట్టదు. లోపం వాళ్లదే. అమీర్‌పేటలో మిషన్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి జరిపే వీమోషన్ నేర్చుకున్నారు, మిషన్ ఉన్న స్థితిని పట్టి ఉంచే స్నాప్‌షాట్ నేర్చుకున్నారు, లైసెన్స్ శాస్త్రం మాత్రం నేర్చుకోలేదు. వాళ్లకి ఆ శాస్త్రం మీద కాస్త భక్తి కలిగిద్దామని ఈ ప్రయత్నం.

ముందు చరిత్ర. ఒకప్పుడు సాకెట్లు, అంటే ప్రాసెసర్లు కూర్చునే చోట్లు, లెక్కపెట్టేవారు. సర్వర్‌లో రెండు ప్రాసెసర్లుంటే రెండు లైసెన్సులు, లోపల లెక్కలు చేసే కోర్లు ఎన్నున్నాయని పెద్దగా అడిగే నాథుడు లేడు. ఆ అరాచకాన్ని అదుపు చేద్దామని 2011లో వర్చువల్ మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ వాళ్లు తమ వీస్ఫియర్ 5తో పాటు మెమరీకి కూడా పద్దు తెరిచారు. ఒక్కో లైసెన్స్‌కి ఇంత ర్యామ్, అది దాటితే ఇంకో లైసెన్స్. ఒకే సర్వర్‌లో బోలెడంత ర్యామ్ నింపి, దాని మీద పాతిక మిషన్లు నడిపి పొదుపు చేద్దామనుకున్నవాళ్లంతా లబోదిబోమన్నారు. కంపెనీ వారాల్లోనే పరిమితులు పెంచింది, మరుసటి ఏడాది ఆ పద్ధతినే ఎత్తేసింది. కస్టమర్లు గోల పెడితే నియమం మారిపోవడం ఈ శాస్త్రానికే మచ్చ. పరిశ్రమ ఆ పాఠం బాగా గుర్తుపెట్టుకుంది.

2023 నవంబర్‌లో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది. డిసెంబర్‌కల్లా ఒకసారి కొనుక్కుని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఇకపై చందాలే, అదీ కోర్ల లెక్కన, ప్రాసెసర్‌కి కనీసం 16 కోర్లకి. మీ ప్రాసెసర్‌లో ఎనిమిదే ఉన్నా 16కి కట్టాలి. మిగతా ఎనిమిదీ ఎక్కడున్నాయని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. ఏళ్ల తరబడి లేని కంప్యూటర్లు నడుపుకుంటూ లాభపడినవాళ్లు, లేని కోర్లకి డబ్బు కట్టమంటే మొహం చాటేయడం ఏం న్యాయం?

బీదసాదల సంగతీ చూడాలి కదా. వాళ్ల కోసం వీఎంవేర్ వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐ ఉండేది. దాని మీద మిషన్లు నడుపుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. కాకపోతే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు లోపలికొచ్చి డిస్కులో ఏ బ్లాకులు మారాయో చూసి కాపీ చేసుకోవడానికి ఒక తలుపు ఉంటుంది చూడండి, ఉచిత వెర్షన్‌లో అది మూసే ఉంటుంది. అంటే మిషన్ ఉచితం, మిషన్ మీద దిగులు మాత్రం పెయిడ్. 2024 ఫిబ్రవరిలో ఆ ఉచిత వెర్షన్ కూడా పోయింది. 2025 ఏప్రిల్‌లో చడీచప్పుడు లేకుండా తిరిగొచ్చింది. ఎందుకు పోయింది, ఎందుకొచ్చింది అని అడగడం మర్యాద కాదు.

ఈ బాధ పడలేక చాలామంది ప్రాక్స్‌మాక్స్ వైపు వెళ్తున్నారు. అదీ వర్చువల్ మిషన్లు నడిపేదే, కానీ ఓపెన్ సోర్స్, బ్యాకప్ సర్వర్ కూడా వాళ్లదే ఉంది, డబ్బు కట్టకపోయినా అన్నీ పనిచేస్తాయి. లాగిన్ అయిన ప్రతిసారీ "మీకు సబ్‌స్క్రిప్షన్ లేదు" అని ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది, ఓకే నొక్కితే పోతుంది. ఇలా సిగ్గుపడేలా చేసి వదిలేసే లైసెన్స్‌ని నేను లైసెన్స్‌గా గుర్తించను.

ఇక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ విషయం. మిషన్‌కి ఒక లెక్క ఉన్నాక, దాని నకలు తీసేవాడికి వేరే లెక్క ఉండొద్దూ? వీమ్ లాంటి వాటిలో ఒక్కో మిషన్‌కి ఒక్కో లైసెన్స్ ఖర్చవుతుంది. గత 31 రోజుల్లో ఒక్కసారి బ్యాకప్ అయినా ఆ మిషన్ లెక్కలో ఉన్నట్టే. మీరు నిన్న దాన్ని డిలీట్ చేసినా సరే, చేత్తో పీకేస్తే తప్ప 31 రోజులు లైసెన్స్‌ని పట్టుకునే ఉంటుంది. మన ఇళ్లలో పెద్దకర్మ అయ్యేసరికి మైల తీరిపోతుంది. టెస్టింగ్ టీమ్ కుర్రాడు ఒక పూట కోసం పెట్టి పారేసిన మిషన్‌కి నెల రోజుల మైల. ఇంత గౌరవంగా చనిపోయే అదృష్టం మనలో ఎంతమందికి ఉంది?

మాదాపూర్‌లో ఒక మధ్యతరగతి కంపెనీ, దాని పేరు మనకెందుకు, అక్కడ జరిగిన సమీక్షా సమావేశం గురించి చెప్పాలి. గోడ మీద ప్రొజెక్టర్, అందులో ఎక్సెల్ షీట్, షీట్ నిండా పచ్చ గళ్లు. రాత్రి రెండింటికి మొదలైన బ్యాకప్ జాబులన్నీ తెల్లారేసరికి సక్సెస్. పర్చేజ్ పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నారు.

"అన్నీ పచ్చగానే ఉన్నాయి. మరి ఒక్కటైనా రీస్టోర్ చేసి, మిషన్ తిరిగి లేస్తుందో లేదో చూశారా?"

"లేదు సార్."

"ఎందుకని?"

"చూడాలంటే మిషన్లు నడిపే ఇంకో సర్వర్, హోస్ట్ కావాలి సార్."

"మరి పెట్టుకోలేదా?"

"హోస్ట్‌కి లైసెన్స్ రాలేదు సార్."

"లైసెన్స్ ఎందుకు రాలేదు?"

"పర్చేజ్ ఆర్డర్ కదల్లేదు సార్."

"పర్చేజ్ ఆర్డర్ ఎందుకు కదల్లేదు?"

అడ్మిన్ ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఒకటి తెరిచి ప్రొజెక్టర్ మీద పెట్టాడు. "రీస్టోర్ టెస్టింగ్ వల్ల వ్యాపారానికి ప్రయోజనం ఏమిటో వివరించగలరు" అని పెద్దాయనే రాసిన జవాబు అది. సమావేశం టీ కోసం వాయిదా పడింది.

ఇందులో పెద్దాయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. ప్రపంచంలో ఏ లైసెన్స్ పత్రం చూసినా మిషన్లు లెక్కపెడతారు, కోర్లు లెక్కపెడతారు, టెరాబైట్లు లెక్కపెడతారు. తిరిగి లేచిన మిషన్లని లెక్కపెట్టే పత్రం ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఎవరూ లెక్కపెట్టని దానికి ఆయన మాత్రం బడ్జెట్ ఎక్కడి నుంచి తెస్తారు?

ఈ శాస్త్రంలో కష్టమైన అధ్యాయం కదలిక గురించి. నడుస్తున్న మిషన్‌ని ఆపకుండా ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి పంపడమే కదా వర్చువలైజేషన్‌లో గొప్ప. విండోస్ సర్వర్ లైసెన్స్ అలా కాదు, అది ఇనుముకి అంటుకుని ఉంటుంది. మామూలు లైసెన్స్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మార్చాలంటే 90 రోజులు ఆగాలి, పాత సర్వర్ శాశ్వతంగా పాడైతే తప్ప. మిషన్ దూకడానికి సెకన్లు చాలు, దాని హక్కుకి మూడు నెలలు కావాలి. అందుకని అది ఎక్కడెక్కడికి దూకొచ్చో ఆ హోస్టులన్నిటికీ ముందే కొని పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే ఇంకో చందా కడితే కొన్ని వెసులుబాట్లున్నాయి. వెసులుబాటుకి రేటు ఉండటం సహజం.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒరాకిల్ ఈ విద్యని పతాకస్థాయికి తీసుకెళ్లింది. డేటాబేస్ ఉన్న మిషన్ ఒకే హోస్ట్ మీద కదలకుండా కూర్చున్నా, వీఎంవేర్ క్లస్టర్‌లో, అంటే కలిపి నడిపే హోస్టుల గుంపులో, అది వెళ్లగలిగే హోస్టులన్నిటిలోని కోర్లకీ కట్టాలన్నది వాళ్ల వాదన. వీఎంవేర్ కొత్త వెర్షన్లు వచ్చి మిషన్లు ఇంకా దూరం దూకడం నేర్చుకున్నకొద్దీ బిల్లు పరిధి కూడా క్లస్టర్ దాటి, ఆ క్లస్టర్లని ఏలే వీసెంటర్ దాటి పోతూ వచ్చింది. ఇంజినీరు కనిపెట్టిన ప్రతి కొత్త సదుపాయమూ సేల్స్ వాళ్లకి కొత్త జిల్లా. దీనికి ఆధారంగా చూపించే పాలసీ పత్రం మీద మాత్రం ఇది విద్యాపరమైన సమాచారం కోసమే, ఏ ఒప్పందంలోనూ భాగం కాదు అని వాళ్లే రాసుకున్నారు. ఉచితంగా విద్యాదానం చేస్తున్నవాళ్లని జనం అపార్థం చేసుకున్నారు. చాక్లెట్లు చేసుకునే మార్స్ కంపెనీ 2015లో ఒరాకిల్ చేసిన లైసెన్స్ ఆడిట్ విషయంలోనే శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకెక్కింది. అప్పటికే 2 లక్షలకి పైగా పేజీల కాగితాలు ఇచ్చుకున్నామని మొరపెట్టుకుంది. కొద్ది నెలలకే కేసు వెనక్కి తీసుకుంది. మధ్యలో ఏం మాట్లాడుకున్నారో వాళ్లకే ఎరుక.

అంతమాత్రాన ఒరాకిల్‌కి దయ లేదనకూడదు. బ్యాకప్ పనిచేస్తుందో లేదో చూసుకోవాలన్న మన చాపల్యాన్ని కూడా వాళ్లు అర్థం చేసుకున్నారు. లైసెన్స్ లేని కంప్యూటర్ మీద బ్యాకప్ నకలుని లేపి పరీక్షించుకోవడానికి అనుమతి ఉంది. ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు రోజులకి మించకుండా. మూడో రోజు పొద్దున కూడా ఆ డేటాబేస్ ఇంకా లేవడానికి ప్రయత్నిస్తుంటే అది రికవరీ కాదు, ఉల్లంఘన. కాబట్టి అడ్మిన్లు శుక్రవారం సాయంత్రం మొదలెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించడం మేలు, ఏకాదశి అయినా కాకపోయినా. ఈ ఏడాది కోటాలో ఇంకా రెండు పరీక్షలు మిగిలినవాళ్లు డిసెంబర్ 31లోగా వాడేసుకోండి. వచ్చే ఏడాదికి జమ కావు.