ఆసుపత్రి ఫైలు లావైతే సరిపోదు

రోడ్డు ప్రమాదం జరిగిన ఇంట్లో రెండో రోజుకల్లా ఒక ప్లాస్టిక్ కవరు తయారవుతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మందుల బిల్లులు, అడ్వాన్సు కట్టిన రసీదులు అన్నీ అందులోకే. పరిహారం కేసు వేసే రోజున దాన్ని వకీలు బల్ల మీద పెట్టి, ‘మొత్తం ఇందులోనే ఉంది సార్’ అంటారు. నిజానికి అందులో ఉండేది ఆసుపత్రికి కట్టిన డబ్బు లెక్క. ఆ ఇంటికి పడిన అసలు దెబ్బకు కాగితం ఎవరూ తయారు చేయరు.

గాయపడినవారికి ఏయే పద్దుల కింద పరిహారం లెక్కకట్టాలో రాజ్‌కుమార్ - అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఆ తీర్పు 2010 నాటిది. చికిత్స, మందులు, రవాణా, బలమైన ఆహారం కలిపి ఒక పద్దు. మంచాన పడిన కాలంలో పోయిన సంపాదన, వైకల్యం వల్ల ముందుముందు తగ్గే సంపాదన, మళ్లీ చేయించుకోవాల్సిన చికిత్స, నొప్పి, బాధ... ఇవన్నీ వేరే. మన కవర్లో ఉండేది మొదటి పద్దులో ఓ ముక్క. అందులోనూ ఆటోకి ఇచ్చింది, ఊరి నుంచి తోడుండడానికి వచ్చిన బావమరిది పని మానుకున్న రోజులు ఎక్కడా ఎక్కవు.

అదే తీర్పులో ఒక ఉదాహరణ ఉంది. ఎడమ చెయ్యి తీసేస్తే వైకల్యం 60 శాతం దాకా ఉంటుందనుకుందాం. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు 100 శాతం. ప్రభుత్వ గుమాస్తా అయితే అసలు ఉద్యోగమే పోకపోవచ్చు. అంటే డాక్టరు వేసే అంకె ఒక్కటే చాలదు, ఆ మనిషి ఏ పని చేసి బతికేవాడో చూపించాలి. మనవాళ్లు చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే.

జీతగాడికి పే స్లిప్పు, ఐటీ రిటర్ను ఉంటాయి. కూలీకి, తాపీ మేస్త్రీకి ఏముంటాయి? కూలి పని చేసేవాడి నుంచి ఆదాయానికి రాతపూర్వక ఆధారం ఆశించలేమని రామచంద్రప్ప కేసులో (2011) సుప్రీంకోర్టే అంది. జీతం సర్టిఫికెట్ లేనంత మాత్రాన కనీస వేతనమే కొలబద్ద కానక్కర్లేదని, ఇంటి పని చేసే గృహిణి శ్రమకూ ఆదాయం కట్టాలని 2021లో వేర్వేరు తీర్పుల్లో చెప్పింది. మాటలు బాగున్నాయి. కానీ ఆ న్యాయం పై కోర్టుకు వెళ్లి తెచ్చుకునేలోపు ఏళ్లు గడుస్తాయి. కింద ట్రిబ్యునల్లో, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో, ఆధారం లేకపోతే ఏదో ఒక ఊహాజనిత ఆదాయం వేసి లెక్క తేల్చేస్తారు. అందుకే ఇల్లంతా వెతకాలి. మేస్త్రీ దగ్గరుండే హాజరు నోటుబుక్కు, ఫోన్‌పేలో పడిన కూలి, ధాన్యం అమ్మిన చీటీ, డ్వాక్రా సంఘం పుస్తకం ఏదైనా పనికొస్తుంది. పాలకేంద్రం పుస్తకమే తీసుకోండి. ప్రమాదం ముందు పూటకు పోసిన లీటర్లు, ఆ తర్వాత పోసిన లీటర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. దాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది?

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్లది ఇంకో పొరపాటు. బిల్లే లేదు కదా, ఇక అడగడానికి ఏముందని ఊరుకుంటారు. ఆసుపత్రి బిల్లు లేకపోవచ్చు, పోయిన సంపాదన పోయినట్టే కదా! ఎన్ని రోజులు ఉన్నారో చెప్పే డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రిలో రాసే ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) నమోదు, గాయాలు రాసిచ్చే ఊండ్ సర్టిఫికెట్ వాళ్లకు బిల్లుల కంటే విలువైనవి.

ఇక బిల్లులు దాచినవాళ్లకూ తిప్పలు తప్పవు. మందుల షాపు మిషన్ బిల్లు ఆ మెరిసే కాగితం మీద కొన్నాళ్లకే వెలిసిపోతుంది. పేషెంటు పేరు ఉండాల్సిన చోట ‘క్యాష్’ అని ఉంటుంది, డాక్టరు చీటీ జతలో ఉండదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బీమా కంపెనీ వకీలు ‘ఈ బిల్లులు కేసు కోసం చేయించుకొచ్చారు కదా’ అంటే ఏం చెప్పాలి? కొన్న రోజే పేరు రాయించుకుని జిరాక్స్ తీసి పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

కారు సంగతి కాస్త సులువు. స్పాట్‌లో ఫొటోలు తీసి, బీమా కంపెనీ సర్వేయరు చూశాకే మరమ్మతు మొదలుపెట్టించాలి. జీరో డిప్రిసియేషన్ పాలసీ (వాడకంలో తగ్గిన విలువను కోసుకోని బీమా) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో మామూలుగా సగమే వస్తుందని ముందే తెలిసుంటే చాలు.

ఇంత భారం గాయపడినవాడి నెత్తిన ఉండటం నాకు సబబుగా అనిపించదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. బాధితుడి పని, ఆదాయం రాసే ఫారం కూడా అందులో భాగమే. దాన్ని శ్రద్ధగా నింపితే సగం పని అక్కడే అయిపోతుంది. అదే తేదీ నుంచి పరిహారం పిటిషన్‌కు 6 నెలల గడువు కూడా వచ్చిపడింది. విరిగిన ఎముక అతికి, వైకల్యం ఎంతో తేలడానికే అంతకంటే ఎక్కువ పట్టవచ్చు! ఆ గడువు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఉన్న కాగితాలతో పిటిషన్ వేసేసి మిగతావి తర్వాత దాఖలు చేసుకోవడం మేలు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుందని కూడా ముందే అనుకోవాలి. వట్టి సర్టిఫికెట్‌ను ఎదుటి పక్షం తేలిగ్గా కొట్టిపారేస్తుంది.

చాలా కేసులు చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడతాయి. డబ్బు త్వరగా చేతికొస్తుంది, తప్పులేదు. కానీ కాల్లో వేసిన రాడ్ తీయించే ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంటుంది. దానికి ఎంతవుతుందో ఆపరేషన్ చేసిన డాక్టరుతో ఎస్టిమేట్ రాయించి, ఆ మొత్తాన్ని రాజీలో కలిపించాకే సంతకం పెట్టాలి. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదు.