వియ్యంకుడి గమనిక

బరంపురంలో మా బాబాయిది అప్పడాలు, పచ్చళ్ల దుకాణం. 1936లో ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ వదిలి ఒడిశాలో కలిసినా ఆ దుకాణం పద్దులు మాత్రం తెలుగు వదల్లేదు. వచ్చినవాడితో నవ్వుతూ ఒడియాలో మాట్లాడుతూనే, వాడి గురించి పుస్తకంలో తెలుగులో రాసుకోవడం బాబాయికి అలవాటు. ఆర్డర్లు ఫోన్లోకి మారాక పుస్తకం మూలపడింది. "ఒరే, కౌంటర్లో మనిషి పేరు పక్కన నా గమనిక కూడా కనపడాలి" అని కొడుకుని పట్టుకున్నాడు.

మా తమ్ముడు లారావెల్ మనిషి. పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టే సరంజామా అది. కొనేవాళ్ల వివరాలు పట్టుకునే కస్టమర్ మోడల్లో గమనిక తెచ్చే యాక్సెసర్ అనే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, దాని పేరు 'అపెండ్స్' జాబితాలో, అంటే వివరాలకు తోడుగా పంపాల్సినవాటిలో, పడేశాడు. ఇక ఆ మోడల్ జేసన్‌గా, అంటే ఫోన్లకీ స్క్రీన్లకీ పంపే రాతగా, మారినప్పుడల్లా గమనిక కూడా వెంట వస్తుంది. కౌంటర్‌కి వెళ్లే జవాబులోనే కాదు, కొనేవాళ్ల ఫోన్‌కి వెళ్లే జవాబులోనూ! మామూలుగా అయితే పేజీలు తమకు అక్కర్లేని పేర్లను పట్టించుకోవు. వీడి 'నా వివరాలు' పేజీ బద్ధకంలో పుట్టింది. ఏది వస్తే దానికో వరుస గీసేస్తుంది.

పరీక్షించలేదా అంటే, పరీక్షించాడు. పీహెచ్‌పీ మామూలుగా జేసన్లో తెలుగును తెలుగులా పంపదు. అక్షరాలన్నీ 'బ్యాక్‌స్లాష్ యూ 0సీ' అంటూ కోడ్లుగా వస్తాయి. ఆ చీమల బారు చూసి "డేటా వస్తోంది" అనుకుని లాప్‌టాప్ మూసేశాడు.

ఇచ్ఛాపురంలో వియ్యంకుడుగారి ఫోన్ మాత్రం ఆ కోడ్లన్నిటినీ శుభ్రంగా తెలుగు చేసి పెట్టింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వాటి కింద:

"గమనిక: మాట తీపి, బాకీ పులుపు. ఆవకాయలో కారం తక్కువని జాడీ ఖాళీ అయ్యాకే చెబుతాడు."

దుకాణంలో ఫోన్ మోగింది.

"బావగారూ, నేనెప్పుడు జాడీ ఖాళీ చేశానండీ?" బాకీ ఊసెత్తలేదు, చూశారా!

"అబ్బే, అది కంప్యూటర్ రాసిందండీ."

"మా ఇంట్లో జాడీ సంగతి కంప్యూటర్‌కెలా తెలిసిందండీ?"

తమ్ముడు అదరాబాదరా జాబితాలోంచి ఆ పేరు పీకేసి, కౌంటర్‌కి జవాబు తయారుచేసే కోడ్, అంటే దాని కంట్రోలర్లో మాత్రం 'అపెండ్' అని విడిగా పిలిచాడు. మొదటే చెయ్యాల్సిన పని. కానీ మోడల్లో ఒక్క లైనుతో పోతుంటే కంట్రోలర్ దాకా ఎవడు వెళ్తాడు?

మర్నాడు వియ్యంకుడుగారి బాకీ పైసలతో సహా జమ అయింది. బాబాయి స్క్రీన్ వంక చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఒరే, ఓ నలుగురి పేర్లు చెబుతాను. వాళ్లకి మాత్రం మళ్లీ కనపడేట్టు పెట్టగలవా?"