గురుగ్రహం ఎర్ర మచ్చ అంచు గారికి బహిరంగ లేఖ

అయ్యా అంచు గారూ,

మీరసలు ఎక్కడుంటారండీ? ఎర్ర మచ్చ అనే ఆ తుఫాను సైజు చెప్పాలంటే ముందు మీరు దొరకాలి, మీరేమో పక్క మేఘాల్లో కలిసిపోయి అయిపు లేకుండా పోతారు.

పాతకాలం వాళ్ళని ఎంత ఏడిపించారు! టెలిస్కోప్‌కి కన్నానించి, చేతిలో వాచీ పట్టుకుని, మచ్చ ముందంచు గ్రహం నడిమి గీత దాటిన టైం, వెనకంచు దాటిన టైం రాసుకుని, గురుడు 9 గంటల 55 నిమిషాలకో చుట్టు తిరుగుతాడు కాబట్టి దాన్నిబట్టి పొడవు లెక్క కట్టేవాళ్ళు. మీరు దాటారా లేదా అని ఒక్క నిమిషం తటపటాయిస్తే చాలు, సుమారు 700 కిలోమీటర్లు గోవిందా. అలాంటి పరిశీలనల లెక్కలోనే 1800ల చివర్లో మచ్చ పొడవు 41 వేల కిలోమీటర్ల దాకా ఉండేది. 1979లో వాయేజర్ వ్యోమనౌకలు వెళ్తే 23 వేల చిల్లర, 2014లో అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోప్ చూస్తే 16 వేల చిల్లర. కోలగా ఉన్నది కాస్తా గుండ్రంగా అవుతోంది. తగ్గడం నిజమే, కాదనట్లేదు.

కానీ 2019లో ఎర్ర మేఘం పెచ్చులు నాలుగు ఊడగానే "మచ్చ చచ్చిపోతోంది" అని న్యూస్ వచ్చేసింది. పైన మేఘం చిరిగినంత మాత్రాన లోపల సుడి ఆగిపోయినట్టా? ఇంతకీ మీరు ఎరుపు ఆగిన చోట ఉంటారా, చుట్టూ ఉన్న తెల్లటి గుంటలోనా, లేక గాలి గంటకి 640 కిలోమీటర్లు దాటి దంచే ఆ వలయంలోనా? రంగు కొలిచేవాడిదో నంబరు, గాలి కొలిచేవాడిదో నంబరు. పైగా 2009 నుంచి 2020 మధ్య ఆ వలయంలో గాలి 8 శాతం దాకా పెరిగిందట, ఒళ్ళు తగ్గి పరుగు పెరగడం ఏంటో! మీకంటే కింది అంచే నయం, గురుడి చుట్టూ తిరిగే జూనో వ్యోమనౌక గ్రావిటీతో కొలిస్తే, మేఘాల కింద 500 కిలోమీటర్ల లోతు లోపే ఉన్నానని ఒప్పుకుంది.

సరే అనుకుంటే 2023 డిసెంబర్ నుంచి 2024 మార్చి దాకా హబుల్ వరసగా చూసింది, మీరు జున్నులా వణుకుతున్నారు! 90 రోజుల చక్రంలో మచ్చ కాస్త ఉబ్బుతుంది, కాస్త నొక్కుకుంటుంది. మరి ఏడాదికో ఫోటో తీసి గీత గీసుకునేవాళ్ళు ఏ రోజు సైజు రాసుకోవాలి?

హబుల్ ఎలాగూ మళ్ళీ ఏడాది ఫోటో తీస్తుంది, మళ్ళీ హెడ్డింగ్ వస్తుంది. ఈసారికి ఉబ్బిన రోజున దొరకండి, "పెరిగిపోతోంది" అని రాసుకుంటారు, వాళ్ళకీ కాస్త మార్పుగా ఉంటుంది.

ఇట్లు,
స్కేలు పట్టుకుని నిలబడ్డ ఒక అభిమాని