కాలేజీ మెట్లెక్కిన పిల్లల్ని వదిలేయొద్దు

ఉగాది అయినా దీపావళి అయినా పిల్లల పోటీలు లేకుండా అమెరికాలోని మన తెలుగు సంఘం పండగ చేయదు. పద్యాలు, క్విజ్, లెక్కలు, స్పెల్లింగ్ బీ. వీటికోసం తల్లిదండ్రులు ఎన్ని శనివారాలు వదులుకుంటారో, వాలంటీర్లు ఎంత కష్టపడతారో నాకు తెలుసు. ఇది మంచి పని, రెండో మాట లేదు. కానీ పన్నెండో తరగతి దాటగానే ఆ పిల్లలు మన లెక్కలోంచి జారిపోతారు. ఏ కాలేజీలో సీటొచ్చిందో అడుగుతాం. నాలుగేళ్ళ తరవాత ఉద్యోగం ఎక్కడో అడుగుతాం. మధ్య ఏళ్ళలో వాళ్ళ చదువుకి, పరిశోధనకి ఎలాంటి బహుమతులు, పోటీలు ఉన్నాయో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలి. పిల్లల జీవితం నిజంగా మలుపు తిరిగేది అక్కడే.

గోల్డ్‌వాటర్ స్కాలర్‌షిప్‌నే తీసుకోండి. సైన్సు, గణితం, ఇంజనీరింగ్ చదువుతూ పరిశోధనలో దిగాలనుకునే రెండో, మూడో ఏడాది విద్యార్థులకిస్తారు. ఏడాదికి 7,500 డాలర్ల దాకా వస్తుంది. డబ్బుకన్నా ఆ పేరు విలువ ఎక్కువ, తరవాత పీహెచ్‌డీ అడ్మిషన్లలో అది పనికొస్తుంది. అయితే దీనికి విద్యార్థి సొంతంగా అప్లికేషన్ పంపుకోవడం కుదరదు, కాలేజీయే నామినేట్ చేయాలి. తుది గడువు జనవరి చివర్లో ఉన్నా, ఎవరిని పంపాలన్నది చాలా కాలేజీలు అంతకు ముందే, ఆకురాలు కాలంలోనే తేల్చేస్తాయి. డిసెంబరు సెలవులకి ఇంటికొచ్చిన పిల్లకి ఎవరో అంకుల్ ఈ సంగతి చెబితే అప్పటికే ఆలస్యమైపోతుంది. మొదటి ఏడాదిలోనే ప్రొఫెసర్ల ల్యాబ్‌లో చేరాలి, క్యాంపస్‌లో ఫెలోషిప్స్ ఆఫీసు ఎక్కడుందో కనుక్కోవాలి. ఈ రెండు ముక్కలు ఆగస్టులో కాలేజీకి సామాన్లు సర్దేటప్పుడు చెప్పగలిగితే చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వీసా సంగతి. గోల్డ్‌వాటర్‌కి అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. పీహెచ్‌డీ విద్యార్థులకి మూడేళ్ళపాటు స్టైపెండ్ ఇచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఫెలోషిప్‌కీ అంతే. మన పిల్లల్లో ఎంతమంది హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకి తోడుగా వచ్చే వీసా మీద, పెరిగారు! మూడో తరగతి నుంచీ ఇక్కడి బళ్ళోనే చదివారు, మన స్టేజీ మీద ప్రైజులు తీసుకున్నారు. అప్పుడు వాళ్ళ వీసా ఏమిటని మనం అడగలేదు. పంతొమ్మిదేళ్ళకి ప్రొఫెసర్ మెచ్చుకుని "దీనికి అప్లై చెయ్" అంటే, అర్హతల పేజీలో మొదటి లైను దగ్గరే ఆగిపోవాల్సి వస్తోంది. ఇరవయ్యొకటి నిండితే హెచ్-4 కూడా పోతుంది, అది వేరే టెన్షన్. ఇక హైదరాబాద్, విజయవాడ, వరంగల్ నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న వాళ్ళ పరిస్థితీ ఇదే. తెలివికి కొదవ ఉండదు, కష్టానికి వెనకాడరు, అయినా పోటీలో నిలబడే అర్హతే ఉండదు.

అన్ని తలుపులూ మూసి లేవు. ఏటా డిసెంబరు మొదటి శనివారం జరిగే పుట్నమ్ గణిత పోటీకి పౌరసత్వంతో పని లేదు. అమెరికా, కెనడా కాలేజీల్లో డిగ్రీ చదువుతున్న ఎవరైనా రాయవచ్చు. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. మొత్తం పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి పది మార్కులు. కొన్నేళ్ళలో రాసినవాళ్ళలో సగానికి పైగా సున్నా వచ్చింది. రాసినవాళ్ళంతా లెక్కల్లో దిట్టలే! భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1939లో ఇందులో మొదటి ఐదుగురిలో నిలిచాడు. మన ఇళ్ళలో మార్కు తగ్గితే ముఖాలు మాడిపోతాయి కదా, అందుకే ఈ పరీక్ష మన పిల్లలు రాయాలంటాను. ఒక్క ప్రశ్న మీద రెండు గంటలు కూర్చుని, అది తేలకపోయినా మర్నాడు మళ్ళీ దాన్నే పట్టుకోవడం పరిశోధనకి అసలైన తర్ఫీదు. ఇంటికొచ్చి "రెండు మార్కులొచ్చాయి" అంటే తల్లిదండ్రులు సంతోషించాలి, ఆ ప్రశ్న ఏమిటో అడగాలి.

ఇక్కడ పుట్టిన పిల్లలకి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి పాల్ అండ్ డైసీ సోరోస్ ఫెలోషిప్ ఉంది. హంగరీ నుంచి వలస వచ్చిన దంపతులు పెట్టింది. వలస వచ్చినవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ ఏటా ముప్పై మందికి, గ్రాడ్యుయేట్ చదువుకి 90,000 డాలర్ల దాకా ఇస్తారు. అందులో ఒక వ్యాసం వలస కుటుంబంలో పెరిగిన అనుభవం గురించి రాయాలి. తాతగారు ఏం పని చేసేవారో, నాన్న ఏ అప్పుతో విమానం ఎక్కాడో, అమ్మ ఇక్కడికొచ్చి ఉద్యోగం ఎందుకు మానుకుందో పిల్లలకి తెలిస్తే కదా రాసేది. అవి మనం చెప్పాలి.

ఇలాంటి సాయం మనవాళ్ళకి కొత్త కాదు. మల్లాడి సత్యలింగ నాయకర్ గారు రంగూన్ వెళ్ళి ఓడల వ్యాపారంలో సంపాదించి, ఆ ఆస్తిని చదువులకీ ధర్మకార్యాలకీ రాసిచ్చారు. కాకినాడలోని ఆ ధర్మసంస్థ అందించిన చేయూత, మామగారు సమకూర్చిన డబ్బు ఆసరాగా యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరుకున్నారు. స్కాలర్‌షిప్ లేదు. ఆసుపత్రిలో పోర్టర్ పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ప్రచురించిన ఫాస్పరస్ కొలిచే పద్ధతిని ఈనాటికీ వాళ్ళిద్దరి పేర్లతోనే పిలుస్తారు. పరాయి దేశంలో సంపాదించిన ఒక తెలుగువాడి డబ్బు మరో తెలుగు విద్యార్థిని సముద్రం దాటించింది. మనమూ పరాయి దేశంలో సంపాదిస్తున్నవాళ్ళమే.

అందుకే మన సంఘం డిగ్రీ, గ్రాడ్యుయేట్ విద్యార్థులకి ఏటా ఒక బహుమతి పెట్టాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన పోటీ ఒకటుంది. పీహెచ్‌డీ విద్యార్థి తన థీసిస్‌ని మూడు నిమిషాల్లో, ఒకే ఒక్క స్లైడ్‌తో, ఆ సబ్జెక్టు తెలియనివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. దాన్ని మనం తెలుగులో పెడదాం. బ్యాటరీల మీద పనిచేసే అమ్మాయి, క్యాన్సర్ కణాల మీద పనిచేసే అబ్బాయి, పత్తి రైతుల అప్పుల గురించి థీసిస్ రాస్తున్న మరొకరు మన అమ్మమ్మలకి, తాతయ్యలకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఇంగ్లిష్ పదాలు దొర్లితే దొర్లనివ్వండి. జడ్జీల్లో ఒక ప్రొఫెసర్, ఒక పెద్దావిడ, ఒక హైస్కూల్ విద్యార్థి ఉండాలి. వీసా ఏమిటని అడగకూడదు. గెలిచినవాళ్ళకి షీల్డు బదులు కాన్ఫరెన్సు ప్రయాణానికి సరిపడా చెక్కు ఇవ్వాలి. పీహెచ్‌డీ స్టైపెండ్ మీద బతికేవాళ్ళకి ఆ టికెట్టే పెద్ద ఖర్చు.

దీనికి పెద్ద నిధి అక్కర్లేదు. సాంస్కృతిక కార్యక్రమాల బడ్జెట్‌లో చిన్న భాగం, సాయంత్రం కార్యక్రమంలో అరగంట చాలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన నేనే పెడతాను. మొదటి ఏడాది బహుమతికి మా ఇంటి తరఫున వెయ్యి డాలర్లు ఇస్తాం. పీహెచ్‌డీ చేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు మీలో ఎవరున్నా ఆ రోజు రండి. అప్లికేషన్ వ్యాసాలు చదివి దిద్దిపెట్టడానికి నలుగురైదుగురు కావాలి.