‘శుభమస్తు’ దగ్గరే ఆగిపోతోంది

విజయవాడ గవర్నరుపేటలో పద్దెనిమిదేళ్లుగా శుభలేఖలు టైపు చేస్తున్నాను. పాత కంప్యూటరు ఒక్కనాడూ ఏడిపించలేదు. అందులోని విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది, మార్చక తప్పదన్నారు. కంప్యూటరే మార్చాను. అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ‘శ్రీరస్తు’ కొడతాను, బాగానే ఉంటుంది. ‘శుభమస్తు’ కొట్టగానే స్క్రీను తెల్లబడి, మొత్తం మూసుకుపోతుంది. సేవ్ చేయనిదంతా గంగపాలు. నిన్న ఒక్క శుభలేఖకే ఏడుసార్లు!

పోనీ ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే చదివే పద్ధతి, యూనికోడ్‌లో కొడదామా అంటే, నా పాత ఫైళ్లన్నీ ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లవి. అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. వేల ఫైళ్లు, ఒక్కోటీ మళ్లీ కొట్టాలా?

సాయంత్రం పెళ్లికూతురి నాన్నగారు వచ్చి కూర్చున్నారు. “ఏమ్మా, ముహూర్తం దగ్గరపడుతోంది, ప్రూఫ్ ఇంకా కాలేదా?” అన్నారు. తల ఎత్తలేకపోయాను. కంప్యూటరు అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే “పాత సాఫ్ట్‌వేర్లు దీంట్లో సరిగ్గా నడవవు మేడమ్, కొత్తది కొనుక్కోండి” అంటున్నారు. ఆ మాట డబ్బు తీసుకోకముందు చెప్పాలి కదండీ!