గ్లాసు చెమట, కుండ చెమట

బడులు తెరిచి వారం కూడా కాలేదు. పాత బ్యాగు సర్దుతుంటే దొరికిందంటూ మా పత్రిక డెస్కులో ఒకావిడ వాళ్ల బాబు పరీక్ష పేపరు ఫొటో చూపించింది, పిల్లాడు ఇప్పుడు ఐదుకొచ్చాడు, అది నాలుగులో రాసిన పరిసరాల విజ్ఞానం పేపరు. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట నీటి బొట్లు ఎందుకు వస్తాయి అని ప్రశ్న. లోపలి నీళ్లే మెల్లగా బయటికొస్తాయి, మా అమ్మమ్మ ఇంట్లో కుండక్కూడా అంతే అని రాశాడు వాడు. ఎర్ర ఇంకుతో అడ్డంగా ఇంటూ, పక్కన సున్నా.

దిద్దిన టీచర్ మీద మాకేం కోపం లేదు, జవాబు తప్పే కాబట్టి. గ్లాసు బయటి నీళ్లు లోపల్నుంచి రావు, చుట్టూ ఉన్న గాల్లో కంటికి కనపడని ఆవిరి చల్లటి స్టీలుకి తగిలి బొట్లుగా మారుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ ఆ జవాబులో సగం ఉంది చూడండి, అమ్మమ్మ కుండ సంగతి, అది నూటికి నూరుపాళ్లు నిజం. మట్టి కుండకి సన్నటి రంధ్రాలుంటాయి, లోపలి నీళ్లు వాటిగుండా ఊరి బయట తడిగా కనపడతాయి, ఆ తడి ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది, నీళ్లు చల్లబడేది అందుకే. అంటే కుండ బయట తడి లోపల్నుంచి వచ్చింది, గ్లాసు బయట తడి బయట్నుంచి వచ్చింది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, జరిగేది మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా. పదేళ్లు నిండని పిల్లాడు ఒకచోట కళ్లారా చూసిందాన్ని ఇంకోచోటికి తీసుకెళ్లి కలిపి ఆలోచించాడు. ఆ రోజు క్లాసులో అసలు సైన్స్ చేసింది వాడొక్కడేనని మాకనిపించింది, ఆ పేపర్లో వాడికి తప్ప అందరికీ మార్కులొచ్చి ఉంటాయి కూడా.

వాడు తప్పని వాడికే తెలిసేలా చెయ్యడానికి పెద్ద ల్యాబేం అక్కర్లేదు. కిరాణా షాపులో ఉండే కాటా ఒకటి చాలు. ఐసు ముక్కలేసిన గ్లాసుకి మూతపెట్టి తూచండి, కాసేపయ్యాక బొట్లు తుడవకుండా మళ్లీ తూచండి, బరువు కొంచెం పెరుగుతుంది. నీళ్లు పోసిన కుండని సాయంత్రం తూచి పొద్దున్నే మళ్లీ తూస్తే తగ్గుతుంది. ఒకటి పెరిగింది ఒకటి తగ్గింది, ఇంక టీచర్ నోరు తెరవాల్సిన పని లేదు, పిల్లలే ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటూ చెప్పేస్తారు. కాటా కూడా లేదంటారా, గ్లాసు నీళ్లలో బీట్‌రూట్ ముక్క నానేసి ఎర్రగా చెయ్యండి, బయట పట్టిన బొట్టుని వేలితో తీసి తెల్లకాయితం మీద పెడితే రంగు లేదని తెలిసిపోతుంది.

ఇక్కడితో ఆగాల్సిన పనీ లేదు. ఇదే గ్లాసుని మే నెల ఎండలో ఆదిలాబాద్‌లో పెడితే బొట్లు కొంచెమే పడతాయి, మచిలీపట్నంలో పెడితే కింద టేబుల్ తడిసిపోతుంది, ఎందుకంటే సముద్రం పక్కన గాల్లో ఆవిరి ఎక్కువ. హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో హాయిగా పనిచేసే కూలర్ వైజాగ్‌లో ఎందుకు దండగ అంటే కూడా ఇదే కారణం, గాలి అప్పటికే తడిగా ఉంటే కూలర్ ప్యాడ్ మీది నీళ్లు ఆవిరవ్వడానికి మొరాయిస్తాయి, ఆవిరవ్వకపోతే చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది. మరిగితేనే నీళ్లు ఆవిరవుతాయని చాలామంది పిల్లలు అనుకుంటారు (పెద్దలూ తక్కువేం కాదు), తీగ మీద ఆరేసిన చొక్కా ఎవరూ మరిగించకుండానే ఆరుతోంది కదా అని అడిగితే ఒక్క క్షణం బిత్తరపోతారు. శ్రీకాకుళం జిల్లా నౌపడ, బాపట్ల జిల్లా చిన్నగంజాం ఉప్పు మడుల్లో జరిగేదంతా అదే, పొయ్యి లేదు గిన్నె లేదు, ఎండకీ గాలికీ నీళ్లు పోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఊళ్ల పిల్లలకి ఈ పాఠం పుస్తకంలోంచి చదివి చెప్పడం మాత్రం అన్యాయం అండీ.

మన బడుల్లో మొదట వచ్చేది వస్తువు కాదు, మాట. సాంద్రీకరణం (ఆవిరి నీళ్లవడం) అనగానేమి, బాష్పీభవనం (నీళ్లు ఆవిరవడం) అనగానేమి, ఈ అనగానేమి అనేది మనల్ని ఎన్ని తరాల్నుంచి పట్టుకుందో తెలీదు గానీ వదలట్లేదు. ఆవిరి అనే మాట పిల్లాడికి పుట్టింటి మాట, ఇడ్లీ గిన్నె దగ్గర నేర్చుకున్నాడు, దాన్ని పక్కన పడేసి బాష్పం దగ్గర మొదలెడతాం. ఇప్పుడు ఇంకో బరువు కూడా ఎక్కింది, రెండు రాష్ట్రాల సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చాక పుస్తకాలు ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వేస్తున్నారు, ఆలోచన మంచిదే, పిల్లాడికి ఆసరా ఉంటుంది, కానీ పరీక్ష మాటల దగ్గరే ఆగిపోతే వాడు సాంద్రీకరణంతో పాటు కండెన్సేషన్ కూడా బట్టీ కొట్టాలి, గ్లాసుని మాత్రం రెండు భాషల్లోనూ చూడడు. పారిభాషిక పదాలు వద్దని మేం అనడం లేదు, హైస్కూల్‌కి వెళ్లాక అవి లేకపోతే కుదరదు. ముందు చూడనివ్వండి, సొంత మాటల్లో వాదించుకోనివ్వండి, దీనికి పెద్దవాళ్లు పెట్టిన పేరు ఇది అని ఆఖర్న చెప్పండి అంటున్నాం, అంతే.

ఇలా రాస్తే టీచర్ల నుంచి వచ్చే జవాబు మాకు ముందే తెలుసు. ఒక్క టీచరే రెండు మూడు క్లాసులు చూసుకోవాలి, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, ఎక్కడ కుదురుతుంది అంటారు. నిజమే, ఆ బాధ ఊరికే చెప్పుకునేది కాదు, దాన్ని తగ్గించాల్సింది ప్రభుత్వాలు. కానీ అన్నీ కుదిరిన ప్రైవేటు బడుల్లో కూడా సైన్స్ కిట్టు బీరువాలోంచి బయటికి రాదే, పగిలిపోతే ఎవరు కట్టాలి అని తాళమేసే ఉంచుతారు కదా. అసలు సంగతి టైమూ కాదు డబ్బూ కాదు, పరీక్షలో ఖాళీలు పూరించండి అని ఇస్తుంటే క్లాసులో ఖాళీలే నింపుతారు. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక బడుల్లో ప్రయోగాలతోనే సైన్స్ చెప్పడం మొదలుపెట్టినవాళ్లు ఈ కిటుకు పట్టుకున్నారు, వాళ్లు పాఠంతో పాటు పరీక్షనీ మార్చేశారు, పుస్తకం తెరుచుకుని రాసుకోవచ్చు, చేతులతో చేసి చూపించే పరీక్ష వేరే ఉంటుంది. అది వందల బడులకి పాకింది, ముప్పై ఏళ్లు నడిచింది, 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. మన దగ్గర సైన్స్‌ని జనంలోకి తీసుకెళ్లే జన విజ్ఞాన వేదికవాళ్లు పిల్లల సైన్స్ పత్రిక చెకుముకితో, పోటీలతో ఏళ్ల తరబడి ఈ దారిలోనే కష్టపడుతున్నారు, కానీ అదంతా బడి గంట బయట జరిగే పని.

ప్రాజెక్టులున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, వాటిని అమ్మలు చేస్తున్నారు. రాత్రి పదింటికి థర్మోకోల్ షీటు కోసం బజారంతా తిరిగే నాన్నల్ని మేమూ చూశాం, మాలోనూ ఉన్నారు. నెట్ సెంటర్లో ప్రింటు తీసిన జలచక్రం బొమ్మకి పదికి పది వస్తాయి, కుండ గురించి సొంతంగా రాసినవాడికి సున్నా.

ఇప్పుడు ఆరుద్ర కార్తె వస్తోంది. తొలకరి పడగానే ఎర్ర మట్టి నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా ఉంటాయి, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయి, అగ్గిపెట్టెల్లో దాచుకోని పల్లెటూరి బాల్యం ఉండదు. పుస్తకంలో కీటకాలకి ఆరు కాళ్లు అని ఉంటుంది. ఆరుద్ర పురుగుని అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టమనండి, ఎనిమిదొస్తాయి. పిల్లాడు మళ్లీ లెక్కపెడతాడు, పక్కవాడి పురుగు కాళ్లు కూడా లెక్కపెడతాడు, తర్వాత గోడ మీద సాలీడు దగ్గరికెళ్లి దానివీ లెక్కపెడతాడు, దానికీ ఎనిమిదే. పేరులో పురుగు ఉన్నా ఇది కీటకం కాదు, సాలీడుకి చుట్టం. ఈ మాట వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, సగం వాడే వచ్చేశాడు. లెక్క అయ్యాక వాటిని తడి మట్టిలో వదిలేయించడం మర్చిపోవద్దు, బయట కనపడేదే కొద్ది రోజులు.

నీడల సంగతి కూడా అంతే. రోజూ పన్నెండింటికి నీడ మాయమైపోతుందని పుస్తకంలో బొమ్మ చూసిన పిల్లలు గట్టిగా నమ్ముతారు. హైదరాబాద్‌లో అలా జరిగేది ఏడాదికి రెండే రోజులు, ఒకటి మే 9 ప్రాంతంలో, అప్పుడు సెలవులు, రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో, అదీ సరిగ్గా పన్నెండింటికి కాదు, ఇరవై నిమిషాలు దాటాక. ఆ రెండో రోజు ఆదిలాబాద్‌కి ఇంకాస్త ముందే, తిరుపతికి ఆగస్టు మధ్యలో వస్తుంది. మబ్బు లేకపోతే గ్రౌండులో ఒక కర్ర నిటారుగా పాతితే చాలు. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం చాలా బడుల్లో పిల్లల్ని టీవీల ముందు కూర్చోబెట్టాం, చప్పట్లు కొట్టించాం, బాగానే ఉంది, ఈ కర్ర ముందు కూడా ఒక అరగంట కూర్చోబెడదాం.

రెండు రాష్ట్రాల విద్యాశాఖల్ని మేం అడిగేది పెద్దదేం కాదు. కొత్త పథకం వద్దు, కొత్త యాప్ అసలే వద్దు, ఉన్న పరీక్షనే కొంచెం కదపండి. ఈ ఏడాది మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం పేపర్లో ఖాళీలు కొన్ని తీసేసి ఒక్క ప్రశ్న పెట్టండి: కుండ బయట తడీ, గ్లాసు బయట తడీ ఒకటేనా, నువ్వైతే ఎలా కనుక్కుంటావు? సరైన జవాబుకి సగం మార్కులు, కనుక్కోవడానికి పిల్లాడు చెప్పిన ఉపాయానికి సగం. ఆ ఉపాయం తప్పైనా సరే, నాలుక పెట్టి చూస్తానని రాసినా సరే, సున్నా మాత్రం వెయ్యొద్దు.