రెండుసార్లు చాలట!

పదిహేనేళ్ల పిల్లవాడి ముక్కు మీద మొటిమ లేస్తే అది వాడి సొంత విషయం అనుకునేవాళ్ల ఇంట్లో బాత్రూమ్‌లు రెండైనా ఉండి ఉండాలి. మాకు ఒకటే. మూడు నెలల కిందట ఒక ఆదివారం ఉదయం ఏడింటికి దాని గడియ పడింది. మళ్లీ తీసేసరికి ఎనిమిదిన్నర. బయటికొచ్చిన మావాడి మొహం అప్పుడే తోమి బోర్లించిన రాగిచెంబులా మెరిసిపోతోంది. మొటిమ మాత్రం ఉన్నచోటే ఉంది. చుట్టుపక్కలంతా ఎర్రబడటంతో దానికి కాస్త తోడు కూడా దొరికినట్టుంది.

ఆ రోజు లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు కడిగాడు. ఒకసారి ఒంటిసబ్బు, ఒకసారి గరుకు స్క్రబ్, ఇంకోసారి వాళ్లమ్మది ఏదో సీసా. చివర్లో మొటిమ మీద టూత్‌పేస్ట్ బొట్టు. అది పళ్లకోసంరా, చర్మాన్ని మండిస్తుంది అని చెప్పబోయాను. "మండుతోందంటే పనిచేస్తున్నట్టే నాన్నా" అన్నాడు. ఇదే నిష్ఠతో లెక్కలు చేసి ఉంటే... సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

సాయంత్రం మా అక్క వచ్చింది. మేనల్లుడి గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా, మొహం సరిగ్గా కడుక్కోవట్లేదా?" అంది. ఆ రాత్రి పదోసారి కూడా కడిగాడు.

చివరికి చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఇంతటి వీరుడి చేతికి ఏ అస్త్రం ఇస్తారోనని ఆశగా కూర్చున్నాం. ఆయన చెప్పింది ఇదీ: పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. ఆటలాడి బాగా చెమట పడితే ఇంకోసారి. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని క్లెన్సర్, వేలికొసలు. రుద్దకూడదు. మెత్తటి తువాలుతో అద్దుకుని, రంధ్రాలు మూసెయ్యని మాయిశ్చరైజర్ కొంచెం రాసుకోవాలి.

ఈ సలహాను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. పుట్టినప్పటి నుంచీ పిల్లలకి మనం నేర్పిందేమిటి? కష్టపడాలి అని. మార్కులు తగ్గితే ఇంకో గంట చదవమన్నాం, పరుగులో ఓడితే ఇంకో రౌండ్ కొట్టమన్నాం. ఇప్పుడు ఒక డాక్టరుగారు వచ్చి, ఒక్క వాష్‌బేసిన్ దగ్గర మాత్రం కష్టపడినకొద్దీ నష్టమే అంటే ఆ పిల్లవాడి వ్యక్తిత్వం ఏమైపోవాలి?

అక్కడితో ఆగలేదాయన. మొటిమకు మురికి కారణమే కాదట. ఈ వయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి, చర్మంలోని గ్రంథులు సీబం అనే జిడ్డును మరీ ఎక్కువగా తయారుచేస్తాయి. రాలిపోవాల్సిన మృతకణాలు ఆ జిడ్డులో ఇరుక్కుని రోమకూపానికి బిరడా వేస్తాయి. లోపల క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది, వాపు వస్తుంది. ఇదంతా చర్మం లోపల నడుస్తున్న వ్యవహారం, పైన ఎంత తోమినా దానికి వినపడదు. బ్లాక్‌హెడ్ నల్లదనం కూడా మట్టి కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గాలి తగిలి అలా నల్లబడుతుందట. అంటే పీచుతో రుద్దినవాళ్లంతా రంగుతో కుస్తీ పట్టారన్నమాట.

మా ఒంటిసబ్బుకీ గౌరవం దక్కలేదు. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) దాదాపు 5, అంటే కాస్త ఆమ్లం; మామూలు సబ్బుది 9, 10 ఉంటుంది, అంటే క్షారం. రోజుకు తొమ్మిదిసార్లు రుద్దితే చర్మానికి కాపలాగా ఉన్న పైపొర దెబ్బతింటుంది, పొడిబారి మండుతుంది. అప్పుడు మొటిమల మందు రాసినా తట్టుకోలేదు. ఇక గిల్లడం సంగతి అడక్కండి. మొటిమ కొన్నాళ్లకు పోతుంది, గిల్లిన గుంట ఉండిపోవచ్చు.

ఆయన రాసిన మందు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్. "10 శాతం లేదా?" అని మావాడు బేరం మొదలుపెట్టాడు. ఎక్కువ శాతమైతే మంట ఎక్కువే తప్ప లాభం పెద్దగా పెరగదన్నారు. ఫలితం ఎప్పుడంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమన్నారు. వీడియో రెండు సెకన్లు ఆగితే ఫోన్ విసిరికొట్టబోయే వయసుకి ఎనిమిది వారాలు!

మొదటి రాత్రి మావాడు నిమిషంలో బాత్రూమ్ నుంచి బయటికొచ్చి, "ఇంతేనా నాన్నా?" అన్నాడు. ఇంతే అన్నాను. మోసపోయినవాడిలా చూశాడు. మందు మాత్రం తన ప్రతాపం వెంటనే చూపించింది. వారం తిరక్కుండానే నా కొత్త నీలం తువాలు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. రంగు బట్టలకు తగలనివ్వకూడదని డబ్బా మీద రాసే ఉంది, చదివిందెవరు?

మొన్న అక్క మళ్లీ వచ్చింది. వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫరవాలేదురా, ఇప్పటికైనా మొహం బాగా కడుక్కుంటున్నావు" అంది.